మా యింటి బట్టల బీరువా

వంటయింటిని గూర్చి, పచ్చళ్లను గూర్చి, పిల్లల చదువులను గూర్చి మనము ముచ్చటించుకొనుట కలదు గాని, బట్టల బీరువాను గూర్చి మాటలాడుకొనుట చాల తక్కువ. తలుపు మూసినచో లోపలి చిక్కు పైకి కనబడదు గదా! ఇంటికి వచ్చిన చుట్టములకు ఎవ్వరును బీరువా తెఱచి చూపరు. అందుచేతనే కాబోలు, ఇల్లు అద్దమువలె నుంచుకొను ఇల్లాండ్రు సైతము బీరువా తలుపు తీయుచునే రెండవచేయి అడ్డముపెట్టి, మీదబడబోవు దుప్పట్లను ఆపుకొనుట నేను చూచితిని. చూచుట యేల, నేనును కొన్ని యేండ్లు అట్లే చేసితిని.

మాది పర్చూరు చేరువ నల్లరేగడి నేలలలోని పల్లె. 2022వ సంవత్సరము ఏప్రిలు నెల వఱకు మేము ప్రకాశము జిల్లా వారము. నాటినుండి బాపట్ల జిల్లా వారమైతిమి. జిల్లా మాఱినను మట్టి మాఱలేదు. ఈ మట్టి ప్రత్తికిని మిరపకును పొగాకునకును ఎంత తల్లియో, తెల్లని దుప్పటికి అంత పగ. వానకాలమున పొలము నుండి కాలికంటి వచ్చిన రేగడి, వాకిలి దాటి నడవ దాటి మంచముకోడు వఱకు వచ్చును. ప్రత్తితీతల నాళ్లలో దండెముమీది ప్రతి బట్టకును పింజ పట్టును. మాఘఫాల్గుణములలో కల్లములలో మిరపకాయ ఎండుచుండగా గాలియే ఘాటుగా నుండును. పట్టణపు పుస్తకములలో బట్టలు సర్దుకొను విధము వ్రాసినవారు మా కల్లముల ప్రక్క నొక పూట యుండి యుండరని నా నమ్మకము.

మా తాతగారు నన్ను బడికి పంపక ఇంటనే చదివించిరి. అమరకోశము, భారతము, కొంత భాగవతము, కొన్ని ప్రబంధములు, ఇవి నేను పుట్టినింటినుండి తెచ్చుకొన్న సారె. దుప్పటి మడతపెట్టుట మాత్రము నాకెవ్వరును నేర్పలేదు. మా వారు ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు. ఆయన పుస్తకములకు పట్టిక యున్నది, బట్టలకు లేదు.

నేను కాపురమునకు వచ్చునప్పటికి ఈ యింట బట్టలు నాలుగు తావుల నుండెడివి. వెనుకగదిలో మా అత్తగారి అత్తగారి నాటి భోషాణము, రెండు ట్రంకుపెట్టెలు, ఒక ఇనుప బీరువా, ఇవిగాక గోడపొడుగున దండెములు. ఏది యెచ్చట నున్నదో మా అత్తగారికి దీపము లేకయే తెలియును. మఱియొకరికి దీపము పెట్టినను తెలియదు. మూడవయేట ఆమె మా పెద్దాడుబిడ్డగారి యింటికి పోయి యుండగా, ఒక రాత్రి మా వారికి చలిజ్వరము వచ్చినది. పండ్లు కొట్టుకొనుచున్నవి. కంబళి యెక్కడ నున్నదో నాకును తెలియదు, ఆయనకును తెలియదు. భోషాణము నడుగువఱకు తోడిపోసితిని, బీరువా గ్రుమ్మరించితిని. తుదకు రెండు చీరలు జతచేసి కప్పి, తెల్లవాఱువఱకు ఆ బట్టలకుప్ప నడుమ కూర్చుంటిని. ఆమె వచ్చిన నాడు గుమ్మము దాటుచునే సంగతి విని, "బియ్యపు డబ్బాల వెనకాల ట్రంకులో ఉంది కదమ్మా!" అని తేలికగా ననిరి. ఆ తేలికమాట నాకు ములుకువలె నాటినది. ఈ యింటి బట్టలను నేనే ఒక క్రమమునకు తెచ్చెదనని నాడే నిశ్చయించుకొంటిని.

క్రమమునకు నాకు తెలిసిన గురువు అమరసింహు డొక్కడే. ఆయన తన కోశమున మనుష్యవర్గములో బట్టకు పుట్టుకలు నాలుగని చెప్పినాడు: చెట్టుపట్ట, కాయ, పురుగు, వెండ్రుక. ఇంతకంటె చక్కని విభాగ మేమున్నది? పురుగునుండి పుట్టిన పట్టుబట్టల కొక అర, వెండ్రుకనుండి పుట్టిన కంబళ్లకు సాలువలకు ఒక అర, కాయనుండి పుట్టిన నూలుబట్టలకు తక్కినవన్నియు. పట్టనార బట్ట మా యింట లేదు. అమరసింహుని మాట తీసివేయ మనసొప్పక, రెండు గోనెసంచులు ఉతికి మడిచి ఆ యరలో నుంచితిని. మా వారు తలుపు తెఱచి చాలసేపు చూచి, "అమరసింహునికి అత్తగారు ఉండి యుండరు" అని బడికి పోయిరి.

ఆ విభాగము కేవలము వ్యర్థమని మాత్ర మనుకొనకుడు. ఉన్నిని పట్టును తినునది చిమ్మెటపురుగు పిల్ల. దానికి జంతువునుండి వచ్చిన పోగు కావలెను. శుభ్రమైన నూలుబట్టను అది సాధారణముగా ముట్టదు. నూలునకు పట్టునది వేఱొకటి: వెండిరంగున చేపపిల్లవలె సఱ్ఱున జారిపోవు పురుగు. దానికి గంజి యన్న ప్రాణము; పుస్తకముల అట్టలను తినునదియు నదియే. కావున పట్టును ఉన్నిని వేఱుచేసి, అప్పుడప్పుడు విప్పి దులిపి, పట్టును నీడగాలికిని కంబళిని కొంత యెండకును వేయుట మంచిది. వానకాలమున దాచు దుప్పట్లకు గంజి పెట్టరాదు. పట్టుచీరను ఉతికిన మెత్తని నూలుగుడ్డలో చుట్టవలెనే గాని ప్లాస్టికు సంచిలో కట్టరాదు. లోపలి చెమ్మ బయటకు పోక బూజు పట్టును. ఏటికి రెండుమాఱులు మడత మార్చవలెను. ఎప్పుడును ఒక్క మడతమీదనే యున్న జరీ అక్కడనే తెగును. ఇంతవఱకు అమరసింహుని దారి సరియే.

చిక్కంతయు నూలు దగ్గఱ వచ్చినది. ఇంటిబట్టలలో ముప్పాతికపాలు నూలే. పక్కదుప్పట్లు, తలగడ గలీబులు, తువాళ్లు, పంచెలు, జంపఖానాలు, నేతచీరలు, బొంతలు, అన్నియు కాయనుండి పుట్టినవే. అర చాలలేదు. అప్పుడొక పుస్తకములో, ఒక సంవత్సరము వాడని బట్ట ఇంట నుండరాదని చదివితిని. ఆ మాట నాకు తలకెక్కినది. భోషాణము ఎడమవైపున అడుగున, వెలిసిన ముతకచీరలు, అంచులూడిన పంచెలు మూటగా కట్టియుండెను. మూడేండ్లలో ఆ మూట విప్పినట్లు నేను చూడలేదు. స్టీలు సామానులవాడు వీథిలో కేకవేయగా, అత్తగారు గుడికి పోయిన వేళ చూచి ఆ మూట ఇచ్చి, ఒక పెద్ద బేసిను పుచ్చుకొంటిని. మంచి బేరము చేసితినని మురిసి, దానిని తోమి వంటయింటి అరుగుమీద అందఱికిని కనబడునట్లు బోర్లించితిని.

ఆ మాఘమాసమున మా చిన్నాడుబిడ్డ తొలికాన్పునకు పుట్టినింటికి వచ్చి యుండెను. దినములు నిండకమున్నే ఒక రాత్రి నొప్పులు వచ్చినవి. మా వారు బండికొఱకు పరుగెత్తిరి. అత్తగారు భోషాణము మూత యెత్తి, ఎడమవైపున చేయి పెట్టి, తడవి, మరల తడవి, "అమ్మాయీ, ఇక్కడి మూటేదే? పొత్తిగుడ్డలకని పెట్టింది" అనిరి.

నాకు నోట మాట రాలేదు. నా చూపు వంటయింటి అరుగువంక పోయినది. ఆమె నా చూపు పోయిన దిక్కు చూచిరి. బేసిను ఆ దీపపు వెలుగున మెఱయుచుండెను. ఆమె ఒక్కమాటయు ననలేదు. అనిన నాకు సులువుగా నుండెడిది.

నేను తత్తరపడి బీరువా తెఱచి, కొత్త తువాళ్లు, మెత్తని తెల్లగుడ్డలు తీసి యిచ్చితిని. వానకాలమున పురుగు పట్టకుండుటకు అరలలో కలరా ఉండలు వేసి యుంటిని. ఆమె ఒక గుడ్డను ముక్కుకడకు తెచ్చుకొని, "ఇవి పసిగుడ్డుకి పనికిరావు" అని ప్రక్కన పెట్టిరి. ఇది పాతకాలపు చాదస్తమని ఆ తత్తరపాటులోనే నాకొక విసుగు వచ్చినమాట దాచను. ఆమె తన ట్రంకు తెఱచి, ముదురు నీలపు నేతచీర యొకటి తీసి, అంచు పంటితో కొఱికి, నిలువున చింపిరి. మరల అడ్డముగా చింపిరి. పది ముక్కలు. చినుగునప్పుడు చప్పుడైనను సరిగా కాలేదు. అంత మెత్తబడిన చీర అది.

ఆసుపత్రిలో నర్సు ఆ సంచి విప్పుచు మొదట అడిగిన మాట, "కలరా ఉండలు వేసిన బీరువాలోవి కాదు కదా?" యని. నేను తల వంచుకొంటిని. తరువాత డాక్టరమ్మ వివరించినది. ఆ ఉండలలోనిది నాఫ్తలీను. కొందఱు శిశువులకు పుట్టుకతోనే ఎఱ్ఱరక్తకణములను కాపాడు ఒక ఎంజైము లోపముగా నుండును. అది యెవరికున్నదో పైకి తెలియదు. అట్టి శిశువునకు నాఫ్తలీను పట్టిన గుడ్డలు చుట్టినచో, రక్తకణములు విఱిగి కామెర్లు ముదురును, ప్రాణాపాయము కావచ్చును. ఇందలి రసాయనము మా అత్తగారికి తెలియదు. వాసన తగిలిన గుడ్డ పసిబిడ్డకు కూడదని మాత్రము ఆమెకు తెలియును. అమరకోశము వల్లించిన నాకు ఆ మాత్రమును తెలియదు. మేనల్లుడు సుఖముగా పుట్టినాడు. నీలపుగుడ్డలో చుట్టి మొదట నా చేతికే యిచ్చిరి.

ఆ చీర సంగతి మా ఆడుబిడ్డ పురిటిమంచము మీదనుండి చెప్పినది. "నాన్న చీరాల్లో కొనిచ్చింది వదినా. కట్టికట్టి మెత్తబడింది. ఆయన పోయాక కట్టలేదు, ఉతికి దాచుకునేది." నేను ఇంటికి వచ్చి బేసినును అటకమీద వేసితిని. కొన్నినాళ్లకు అత్తగారే దానిని దింపి, "దీని మీద కోపమెందుకు? పిల్లాడి స్నానానికి బాగుంటుంది" అని వాడుకలోనికి తెచ్చిరి.

పురుడు వెళ్లిన పిమ్మట నేను ఆమె యెదుట కూర్చుండి, బీరువా మరల సర్దుద మని అడిగితిని. ఈ మాఱు అమరసింహుని పిలువలేదు. ఆమె ఒక్కొక్క బట్టను చేతికి తీసికొని, ఇది యేమి బట్టయని కాక, ఇది యెప్పుడు కావలసివచ్చునని చెప్పుచుండిరి. అర్ధరాత్రి కావలసినవి కొన్ని, చుట్టములు వచ్చిన నాడు కావలసినవి కొన్ని, పురిటికి కొన్ని, చావునకు కొన్ని. రాత్రి కావలసినవి తలుపు తీయగానే చేతికి తగులవలెను: కంబళి, పాతతువాళ్లు, రబ్బరుగుడ్డ, వాంతిచేసికొన్న పిల్లవాని క్రింద మార్చుటకు రెండు పక్కగుడ్డలు. చుట్టములకగు జంపఖానాలు, మంచి దుప్పట్లు పై యరలో నుండవచ్చును. చుట్టము వచ్చునని ముందు తెలియును, బల్ల వేసికొని దింపుకొన వ్యవధి యుండును. ఒక దుప్పటికి దాని గలీబులను ఆ దుప్పటి మడతలోనే పెట్టవలెను, వెదకులాట తప్పును. ఉతికివచ్చిన వానిని ఎప్పుడును దొంతర అడుగున దూర్చవలెను, పైనుండి తీయవలెను. లేనిచో పై రెండే అరుగును, అడుగువి మడతలోనే పసుపెక్కును.

పొత్తిగుడ్డలకు ఒక చిన్న ట్రంకు ప్రత్యేకించితిమి. అందులో కలరా ఉండలే కాదు, కర్పూరము గూడ వేయము. నెలకొకసారి యెండబెట్టుటయే దానికి మందు. పట్టునకు ఉన్నికి మాత్రము నీడన ఎండిన వేపాకు గుడ్డసంచులలో కట్టి పెట్టెదము. ఆకు పురుగును చంపదు. రాకుండ కొంత అడ్డుపడును, అంతే. విప్పి దులుపుకొనుట మానినచో ఏ ఆకును కాపాడదు.

ఎండబెట్టుట యనగానే మా ప్రాంతపు మాట యొకటి చెప్పవలెను. పసివానికి నెల నిండిన తరువాత ఒకనాడు గుడ్డలను మేడమీద ఆఱవేసితిని. కల్లము ఆ దిక్కుననే యున్నది. ఆ సాయంకాలము బిడ్డ గ్రుక్కపట్టి యేడ్చెను. పాలిచ్చినను మానడు, ఎత్తుకొన్నను మానడు. అత్తగారు వాని నడుముక్రింది గుడ్డ తీసి, తన పెదవికి తాకించి చూచి, "కారం!" అనిరి. గాలికి వచ్చిన మిరపధూళి అది. నాటినుండి మిరప ఎండునన్ని నాళ్లు పిల్లల గుడ్డలు పెరటిలో చాటునే ఆఱును. మడత పెట్టుటకు ముందు మేము పెదవికి తాకించి చూతుము. మిరపమంట ఒట్టి నీటికి పోదు. కాయలు ముట్టిన చేతికి ముందు నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడిగి, అప్పుడే బట్టలు ముట్టవలెను. రేగడి మరకను తడిగా నున్నప్పుడు రుద్దరాదు. ఎండనిచ్చి దులిపి, తరువాత చన్నీట నానవేయవలెను. పసుపుమరక సబ్బు తగులగానే ఎఱ్ఱబాఱును గాని బెదరవలదు. ఎండలో వేసిన వెలిసిపోవును.

అమరసింహునికిని అత్తగారికిని లొంగని బట్ట యొకటి మిగిలినది. అది మా మామగారి తేలియా రుమాలు. ఎఱుపు, నలుపు, తెలుపు గడులతో చదరముగా నుండును. పొలము పోవునప్పుడు ఆయన తలకు చుట్టుకొనెడివారట. ఒకప్పుడు చీరాలలో ఈ రుమాళ్లు విరివిగా నేసి, ఆసియా రుమాళ్లను పేర అరబ్బుదేశములకు పంపెడివారు. ఎఱ్ఱరంగు పట్టుటకు నూలును ఆముదపుకాయల బూడిదనీటను నూనెలోను పలుమాఱులు తడిపి యెండబెట్టుదురు. ఆ నూనెవాసన నేసిన తరువాతను చిరకాలము విడువదు. ఈ నేత తరువాత నల్లగొండ ప్రాంతమున పుట్టపాకలో నిలిచినది. పుట్టపాక రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. వాసన పోవునట్లు ఉతుకుదునా యని నేనడుగగా, ఆమె రుమాలును నా చేతినుండి తీసికొని తన తలగడక్రింద పెట్టుకొనిరి. దానికి అర లేదు.

భోషాణము అడుగున మరల ఒక పెద్ద మూట కట్టిరి. ఈ మాఱు అది యెందులకని ముందే అడిగితిని. ఆమె క్రొత్తకోడలుగా వచ్చిన మఱుసటి యేడు, 1977 నవంబరు 19వ తేదీన, దివిసీమ ఉప్పెన వచ్చినది. కృష్ణా గుంటూరు తీరములలో వేలకొలది జనము పోయిరి. మిగిలినవారు కట్టుబట్టలతో మిగిలిరి. మా యింటి పెద్దామె భోషాణము తెఱచి, ప్రాతవి యన్నియు మూటలు కట్టించి, బాపట్లవైపు పోవు బండ్లపై వేయించినదట. ప్రాతవి చాలక పెండ్లి దుప్పట్లు గూడ ఇచ్చినదట. క్రొత్తకోడలైన మా అత్తగారు, "అంచు చిరిగినవి ఎలా పంపడం?" అని సంకోచింపగా, "తడిసి వణికేవాళ్లు అంచు చూస్తారటే?" అనినదట. నాటినుండి ఈ యింట నొక మూట పరులకై కట్టియుండును. నేను స్టీలు సామానులవాని కిచ్చినదానిలో ఆ పాలును ఉండెను.

నా వంతు పని నేనును విడువలేదు. ఆ కంబళి రాత్రి నేను మఱవలేదు గదా. ఏ అరలో ఏమున్నదో పెద్ద అక్షరములతో అట్టమీద వ్రాసి, బీరువా తలుపు లోపలివైపున అంటించితిని. ఒక్కరికే తెలిసిన సర్దుబాటు ఆ యొక్కరు ఊరికి పోయిన నాడు పనికిరాదని అత్తగారితో వాదించితిని. ఆమె కొంత గొణిగి ఒప్పుకొనిరి. ఇప్పుడు మా యెనిమిదేండ్ల పిల్ల గూడ చీకటిలో కంబళి తీసి తేగలదు. ఆ అట్టమీద అత్తగారు ఒక్కటి మాత్రము వ్రాయనీయలేదు. పై యరలో కుడిమూలను ఒక క్రొత్త తెల్లబట్ట మడిచి పెట్టియున్నారు. "అది రాయక్కర్లేదు, అప్పటికి నీకే తెలుస్తుంది" అనిరి.

మా ఆడుబిడ్డ అయిదవనెలలో అత్తవారింటికి పోవుచు నీలపుగుడ్డలు తీసికొనిపోయినది. పొత్తిగుడ్డల ట్రంకు ఖాళీయైనది. క్రొత్తగుడ్డ కొని పెట్టుదమన్న, క్రొత్తనూలు పసిమేనికి గఱుకు. ఏండ్ల తరబడి కట్టి యుతికిన గాని ఆ మెత్తదనము రాదు, అంగడిలో దొరకదు. మా వారు చీరాలనుండి నాకొక నేతచీర తెచ్చియుండిరి. పండుగకు దాచుకొన్నదానిని తీసి, ఆ మఱునాటినుండియే ఇంటిపనులకు కట్టసాగితిని. "కొత్తచీర వంటయింట్లోకా?" అని మా వారు అడిగిరి. అత్తగారు పెరటిలో మిరపకాయల తొడిమలు తీయుచు, తల యెత్తకుండనే, "దానికి గంజి పెట్టకే అమ్మాయీ" అనిరి.